చేపల తొట్టి అడుగున ఏమి పరచాలి, ఏ మేత వేయాలి: విశాఖ ఇళ్ల కోసం

అక్వేరియం కొనడానికి వెళ్లినవారు గాజు తొట్టి ఎంత పొడవు, లైటు ఏ రంగు, ఫిల్టరు ధర ఎంత అని అడుగుతారు. అడుగున పరిచే రాళ్లను మాత్రం చివర్లో రంగు చూసి తీసుకుంటారు. మేత డబ్బా సంగతి డబ్బు చెల్లించేటప్పుడు గుర్తొస్తుంది. చేపలు బతికేదీ చనిపోయేదీ ఎక్కువగా ఈ రెండింటి వల్లే. చేప తినకుండా వదిలిన మేత అడుగుకే చేరుతుంది. తిన్నది కూడా కొంతసేపటికి మలమై అక్కడికే చేరుతుంది. అడుగున ఎలాంటి రాయి ఉంది, దాని సందుల్లో ఏమి కుళ్లుతోంది అన్నదాన్ని బట్టి పైన నీటి గుణం మారుతుంది. అందుకే ఈ రెండింటినీ విడివిడిగా కాక, ఒకే నిర్ణయంగా తీసుకోమని నా సలహా.

మొదట నీరు, తర్వాత చేప

విశాఖలో కుళాయి నీరు మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి, ముడసర్లోవ వంటి జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి వస్తుంది. బోరు నీటి సంగతి వేరు. చాలా అపార్ట్‌మెంట్లలో రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయి. సముద్రానికి దగ్గరి వీధుల్లో కొన్ని బోర్ల నీటిలో ఉప్పదనం కూడా ఉంటుంది. కాబట్టి మీ ఇంటి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత), కాఠిన్యం (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) ఒకసారి పరీక్షించుకోండి. పరీక్ష కిట్లు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి.

నీరు కఠినంగా ఉంటే గప్పీ, మోలీ, ప్లాటీ హాయిగా బతుకుతాయి. మెత్తటి నీరైతే టెట్రాలు, కోరిడోరస్ క్యాట్‌ఫిష్ పెంచుకోవచ్చు. నీటితో పోరాడి చేపను నిలబెట్టడం కన్నా, ఉన్న నీటికి సరిపడే చేపను తెచ్చుకోవడం అన్ని విధాలా సుఖం. ఏ చేపలో తేలాక, వాటి నోళ్లు ఒకసారి గమనించండి. గప్పీ, ఫైటర్ వంటి వాటి నోరు పైకి తిరిగి ఉంటుంది. అవి నీటి ఉపరితలం మీద తింటాయి. టెట్రాలు, బార్బ్‌లు మధ్యలో పడుతున్న మేతను అందుకుంటాయి. కోరిడోరస్, లోచ్, సక్కర్ వంటి వాటి నోరు కిందికి ఉంటుంది. ఈ మూడో రకం చేప మీ తొట్టిలో ఉందా లేదా అన్నదే అడుగు ఎంపికలో మొదటి ప్రశ్న.

బీచ్ ఇసుక ఎందుకు వద్దు

విశాఖవాసులకు మొదట తట్టే ఆలోచన ఆర్కే బీచ్ నుంచో రుషికొండ నుంచో ఒక సంచి ఇసుక తెచ్చుకోవడం. దయచేసి ఆ పని చేయకండి. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం అక్కడ ఇసుక తవ్వకం నిషిద్ధం. ఆ మాట పక్కన పెట్టినా, మంచినీటి చేపలకు అది పనికిరాదు. అందులో గవ్వల ముక్కలు, ఆల్చిప్పల పొడి ఉంటాయి. వాటిలోని కాల్షియం కార్బొనేట్ నీటిలో మెల్లగా కరిగి కాఠిన్యాన్ని, పీహెచ్‌ను పెంచుతుంది. భీమిలి తీరం పొడవునా ఇసుకలో కనిపించే నల్లటి చారలు ఇల్మనైట్ వంటి బరువైన ఖనిజాలవి. ఎర్రగా మెరిసేది గార్నెట్. ఆ రేణువుల్లో అయస్కాంతానికి అంటుకునేవి కొన్ని ఉంటాయి. అవి ఫిల్టరు మోటారులో తిరిగే అయస్కాంతానికి పట్టుకుని దాన్ని అరగదీస్తాయి. ఇక ఎర్రమట్టి దిబ్బల ఇసుక జోలికి అసలే వెళ్లకండి. అది రక్షిత భూవారసత్వ సంపద.

పీహెచ్ పెరిగితే నష్టమేమిటని అనుకోవచ్చు. మేతతో ఉన్న సంబంధం ఇక్కడే బయటపడుతుంది. మిగిలిపోయిన మేత, చేపల విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది. నీటిలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పలను కాల్చేస్తుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషపు రూపం మొత్తం అమ్మోనియాలో ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే అది 6 శాతం దాటుతుంది. వేసిన మేత అంతే, చేపలు అన్నే, అయినా దాదాపు పది రెట్ల విషం. అడుగున పరిచిన గవ్వల ఇసుక చేసే పని అదే.

మరి ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిచ్లిడ్ చేపల వంటి వాటికి కఠినమైన, క్షార గుణం ఉన్న నీరే ఇష్టం. వాటికి పగడపు తునకలు, సున్నపు రాళ్లు కావాలనే వేస్తారు. మిగిలిన వారికి అవి వద్దు.

రాయిని ఇంట్లోనే పరీక్షించండి

దుకాణంలో కొన్నదైనా, ఊరి ఏటి నుంచి తెచ్చుకున్నదైనా, తొట్టిలో వేసే ముందు ఒక పరీక్ష చేయండి. గుప్పెడు రాళ్లను కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒకటి రెండు రాళ్లను సుత్తితో పగలగొట్టండి. పైపొరలో దొరకని సంగతి లోపల దొరకవచ్చు. తెల్లటి పింగాణీ సాసరులో వాటిని పెట్టి, మునిగేంత వెనిగర్ పోయండి. వెలుతురు దగ్గర కూర్చుని రెండు నిమిషాలు కదలకుండా చూడండి. రాయి అంచు నుంచి సన్నటి బుడగలు వరుసగా పైకి లేస్తుంటే, సాసరును చెవి దగ్గరికి తెచ్చుకుంటే చిటచిటమని సన్నగా వినిపిస్తే, అది సున్నం ఉన్న రాయి. రాయి మీద అంటుకున్న గాలి బుడగలు ఒకసారి లేచి ఆగిపోతాయి. సున్నం బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఆ తేడా ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి అనుమానం మిగిలితే మరో పద్ధతి ఉంది. ఒక గాజు సీసాలో సగం రాళ్లు, సగం మీ ఇంటి నీరు పోసి, పక్కన మరో సీసాలో నీరు మాత్రమే ఉంచండి. వారం తర్వాత రెండింటి పీహెచ్, కాఠిన్యం పోల్చండి. అరకు నుంచి వస్తూ తెచ్చుకునే గులకరాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి. గోస్తని నది బొర్రా గుహల సున్నపురాయిని తొలుచుకుంటూ వస్తుంది. ఆ పరిసరాల్లో రాయి చూడటానికి నున్నగా, ఎంత అందంగా ఉన్నా సున్నం కలిసి ఉండవచ్చు.

మార్బుల్ తునకలు ఈ పరీక్షలో దాదాపు ఎప్పుడూ ఓడిపోతాయి, ఎందుకంటే మార్బుల్ అంటేనే రూపం మారిన సున్నపురాయి. తెల్లటి క్వార్ట్జ్ రాయి పైకి అలాగే కనిపించినా బుడగలు రావు; అది నిశ్చింతగా వేసుకోవచ్చు.

రంగు రాళ్ల విషయంలో నా అభిప్రాయం గట్టిదే. నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగు పూసిన రాళ్లలో నాసిరకం వాటికి పూత రాలుతుంది. కొనాలనే ఉంటే కొన్నింటిని వేడినీటిలో ఒక రాత్రి నానబెట్టి, తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే వాటిని వాడకండి. మెరిసే నేల మీద, పైనుంచి గట్టి లైటు కింద చాలా చేపలు బెదురుతాయి, రంగు కూడా పాలిపోయి కనిపిస్తాయి. ముదురు గోధుమ రంగు ఇసుక మీద అవే చేపలు నిండు రంగులతో తిరుగుతాయి.

ఏ చేపకు ఏ అడుగు

అడుగున తిరిగే చేపలు ఉంటే ఇసుకే వేయండి. రేణువు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు, అంచులు నున్నగా ఉండాలి. కోరిడోరస్ చేప ఇసుకను నోట్లోకి తీసుకుని, అందులోని మేతను ఏరుకుని, మిగిలిన ఇసుకను మొప్పల గుండా వదిలేస్తుంది. పదునైన కంకర మీద మురికి కూడా పేరుకుంటే దాని మీసాలు అరిగి పుండ్లు పడతాయి. పెద్ద గులకరాళ్లు వేసిన తొట్టిలో మరో చిక్కు ఉంది: కిందికి మునిగే మేత రాళ్ల సందుల్లోకి జారిపోతుంది. చేప ఆకలితో ఉంటుంది, మేత కింద కుళ్లుతుంది, యజమాని తినలేదేమో అని ఇంకొంచెం వేస్తాడు. చాలా తొట్లు పాడయ్యేది ఇలాగే.

గప్పీలు, టెట్రాలు, బార్బ్‌ల వంటివి మాత్రమే ఉంటే 2 నుంచి 4 మిల్లీమీటర్ల సన్నటి గ్రావెల్ చాలు. సైఫన్ పైపుతో శుభ్రం చేయడానికి అది అన్నింటికన్నా సులువు. గోల్డ్‌ఫిష్ దొరికిన ప్రతిదాన్నీ నోట్లో వేసుకునే చేప. బఠానీ గింజంత రాయి దాని గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. దానికి సన్నటి ఇసుక గానీ, నోట్లో అసలు పట్టనంత పెద్ద గుండ్రాళ్లు కొద్దిగా గానీ వేయండి. రాళ్లు ఏమీ లేని ఖాళీ అడుగు కూడా గోల్డ్‌ఫిష్‌కు తప్పేమీ కాదు.

మొక్కలు పెంచాలనుకుంటే, అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరిన్ వంటివి వేళ్లతో తింటాయి కాబట్టి ఇసుకలో ఎరువు బిళ్లలు గుచ్చాలి, లేదా అక్వేరియం మట్టి వాడాలి. ఈ మట్టి మొదటి కొన్ని వారాలు అమ్మోనియా వదులుతుంది. అప్పటి దాకా చేపలు వేయకూడదు. అనుబియస్, జావా ఫెర్న్ చెక్కకు కట్టినా పెరుగుతాయి, వాటికి నేలతో పని లేదు.

ఇల్లు కట్టే ఇసుక పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. ఏటి ఇసుక అయితే, వెనిగర్ పరీక్షలో నెగ్గితే, బాగా జల్లించి కడిగితే నిక్షేపంగా పనికొస్తుంది. రాయిని పిండి చేసిన క్రషర్ ఇసుక మాత్రం వద్దు, దాని అంచులు పదును.

ఎంత, ఎలా పరచాలి

రెండడుగుల తొట్టి, అంటే 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే, 4 సెంటీమీటర్ల మందానికి సుమారు 7 లీటర్ల ఇసుక పడుతుంది. లీటరుకు కిలోన్నర లెక్కన 11 కిలోలు. మొక్కలు లేకపోతే 3 సెంటీమీటర్లు చాలు. సన్నటి ఇసుకను మరీ మందంగా వేస్తే లోపలికి ఆక్సిజన్ అందదు. కదిపినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు చేరిందని అర్థం.

కడగడానికి ఓపిక కావాలి. బకెట్‌లో నాలుగో వంతు ఇసుక వేసి, నీరు నింపి, చేతితో గట్టిగా తిప్పి, పైన తేలిన బురద నీటిని వంపేయండి. నీరు తేటగా వచ్చే వరకు మళ్లీ మళ్లీ చేయండి. సబ్బు, డిటర్జెంటు, ఫినాయిల్ తాకిన బకెట్ కూడా వాడకండి. ఆ తర్వాత తొట్టిలో వెనుక వైపు ఎత్తుగా, ముందు వైపు పల్లంగా పరచండి. మురికి ముందుకు చేరి కంటికి కనిపిస్తుంది, తీయడం తేలిక. ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి, దాని మీదుగా నీరు పోస్తే గుంట పడదు.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకూ, మంచి బ్యాక్టీరియాకూ హాని చేస్తుంది. నీటిని ఒక రోజంతా గాలి పంపుతో ఉంచండి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు కలపండి. ఫిల్టరు, రాళ్ల మీద బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒక బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొకటి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే చేపలను కొద్దికొద్దిగా వేయండి. పాత తొట్టిలో రాళ్లు మార్చాలంటే మూడో వంతు చొప్పున, రెండు మూడు వారాల వ్యవధితో మార్చండి. ఒకేసారి అంతా తీసేస్తే ఆ బ్యాక్టీరియాలో పెద్ద భాగం బయటికి పోతుంది.

మేత: డబ్బా వెనుక వైపు చదవండి

పైన తినే వాటికి తేలే ఫ్లేక్స్ లేదా చిన్న పెల్లెట్లు, మధ్యలో తినే వాటికి మెల్లగా మునిగే గింజలు, అడుగున తినే వాటికి వెంటనే మునిగే బిళ్లలు. ఇంతవరకు సులువే. తర్వాత డబ్బా తిప్పి పదార్థాల వరుస చూడండి. చేపల పొడి, రొయ్యల పొడి, స్పైరులినా (ఒక రకం నాచు) ముందు ఉంటే మంచిది. గోధుమ పిండి, మొక్కజొన్న ముందుంటే పక్కన పెట్టండి. ఫైటర్ మాంసాహారి, దానికి 40 శాతం పైన ప్రోటీన్ కావాలి. గోల్డ్‌ఫిష్‌కు 30 నుంచి 35 శాతం సరిపోతుంది. గింజ సైజు చేప నోటికన్నా చిన్నదిగా ఉండాలి.

పెద్ద సంచి నుంచి తీసి పాలిథిన్ కవర్లలో కట్టి అమ్మే విడి మేత చవక. దాని తయారీ తేదీ ఎవరికీ తెలియదు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. తెరిచి ఉంచిన మేత త్వరగా మెత్తబడుతుంది, బూజు పడుతుంది, అందులోని చేప నూనె చెడిపోతుంది, విటమిన్ సి తగ్గిపోతుంది. వాసన చూడండి: మంచి మేతకు ఎండు రొయ్యల వాసన ఉంటుంది, చెడినదానికి పాత నూనె కంపు. రెండు మూడు నెలల్లో అయిపోయే చిన్న డబ్బా కొనండి. వారానికి సరిపడా బయట ఉంచుకుని మిగిలినది గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీసిన డబ్బా గది వేడికి వచ్చాకే మూత తీయండి, లేకపోతే చల్లటి మేత మీద తేమ చేరుతుంది.

కోనేటి చేపలకు మరమరాలు వేయడం మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. అదే ప్రేమతో ఇంట్లో పెద్దలు, పిల్లలు తొట్టిలోకి అన్నం మెతుకులు, బిస్కట్ పొడి, బ్రెడ్డు వేస్తారు. 50 లీటర్ల తొట్టి కోనేరు కాదు. పిండి పదార్థం చేపకు సరిగా అరగదు, నీటిని ఒక్క రాత్రిలో తెల్లగా మసకబారుస్తుంది. వాళ్లను వద్దని కసురుకోకుండా, మేత వేసే పనినే వాళ్లకు అప్పగించి కొలత చూపించండి.

కొలత ఇదీ: రెండు నిమిషాల్లో పూర్తిగా తినేంత. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణకోశం అనదగిన పొట్ట ఉండదు, అందుకే ఒకేసారి ఎక్కువ కాక రోజుకు రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా వేయాలి. ఫైటర్‌కు పూటకు నాలుగైదు చిన్న గింజలు, రెండు పూటలు. పెద్ద చేపలకు వారంలో ఒక రోజు ఉపవాసం ఉంచితే మేలే జరుగుతుంది. అడుగున తిరిగే క్యాట్‌ఫిష్‌లకు లైటు ఆర్పాక మేత వేయండి. పగలు వేస్తే పై చేపలు ముందే తినేస్తాయి.

కూరగాయల కోసం రైతు బజారు చాలు. కీరా దోసకాయ, బీరకాయ చెక్కు తీసి చక్రాలుగా కోసి, వేడినీటిలో నిమిషం ముంచి, ఫోర్కుకు గుచ్చి అడుగున పెట్టండి. తొక్క తీసి నలిపిన ఉడికిన బఠానీ గోల్డ్‌ఫిష్‌కు ఇష్టం. నాలుగైదు గంటల్లో మిగిలినది తీసేయాలి. పచ్చి రొయ్య ముక్కలు పెద్ద మాంసాహార చేపలకు అప్పుడప్పుడు ఇవ్వవచ్చు. రోజూ పచ్చి చేప మాంసమే పెడితే కొన్ని రకాల్లో ఉండే థయామినేజ్ ఎంజైము చేప ఒంట్లోని బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. ఉప్పు చేప వద్దు.

మురుగు కాలువల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులు రోగాలను వెంట తెస్తాయి. దోమ లార్వాల కోసం మేడ మీద బకెట్లో నీరు నిల్వ ఉంచడం డెంగీని పిలిచినట్టే. జీవమేత కావాలంటే ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే, రొయ్య వంటి అతి చిన్న జీవి) గుడ్లను పొదిగించండి. భీమిలి తీరంలోని రొయ్యల హేచరీలు రొయ్య పిల్లలకు పెట్టేది కూడా ఇదే. లీటరు నీటిలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కలిపి, తలకిందులు చేసిన సీసాలో పోసి, అర చెంచా గుడ్లు వేసి, గాలి గొట్టం పెట్టండి, పైన లైటు ఉంచండి. ఇక్కడి గది వేడికి ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలుతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి, వెలుతురు వైపు చేరతాయి. వాటిని గొట్టంతో తీసి, మంచినీటిలో కడిగి వెంటనే వేయండి. గంటలు గడిచే కొద్దీ వాటిలో పోషకం తగ్గుతుంది.

సక్కర్ చేప అడుగును శుభ్రం చేస్తుందన్న నమ్మకం వదులుకోండి. అది పాచి తింటుంది, మలం తినదు, పైగా తానే బోలెడు వదులుతుంది. ఒక అడుగు పొడవు దాటి పెరుగుతుంది. పెద్దదైందని చెరువులోనో గెడ్డలోనో వదిలితే అక్కడి చేపలకు, మత్స్యకారుల వలలకు నష్టం.

అడుగును చూసి మేత సరిచేయండి

వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చేటప్పుడు సైఫన్ గొట్టాన్ని గ్రావెల్‌లో గుచ్చి, వచ్చే నీటిని తెల్ల బకెట్‌లో పట్టండి. ఇసుక అయితే గుచ్చకుండా ఒక అంగుళం పైన ఆడించండి. బకెట్ కాసేపు కదలకుండా ఉంచి అడుగున చేరినది చూడండి. సన్నటి గోధుమ రంగు మడ్డి మామూలే. ఉబ్బిన గింజలు, వాటి చుట్టూ తెల్లటి దూది వంటి బూజు కనిపిస్తే మేత ఎక్కువవుతోంది. మూడో వంతు తగ్గించి మరుసటి వారం మళ్లీ చూడండి. బకెట్ తేటగా ఉండి, అడుగు చేపల పొట్టలు లోపలికి పోయి ఉంటే రాత్రి బిళ్ల ఒకటి పెంచండి. డబ్బా మీద రాసిన కొలత కన్నా ఈ బకెట్‌నే నమ్మండి.

మే నెలలో తొట్టి నీరు 31, 32 డిగ్రీలకు చేరుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే పడుతుంది. కుళ్లే మేత కూడా ఆ ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. ఎండాకాలంలో చేపలు ఎగబడి తిన్నా కొలత పెంచకండి, గాలి పంపు రాత్రి ఆపకండి.

కరెంటు పోయి ఫిల్టరు ఆగితే మేత ఆపేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక వినగానే నీరు కొంత మార్చి, మేత మానేసి, బ్యాటరీతో నడిచే గాలి పంపు సిద్ధం చేసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు తిండి లేకుండా ఉండగలవు. కుళ్లిన నీటిలో ఒక్క రోజు ఉండలేవు.

సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్లేటప్పుడూ అంతే, ఏమీ వేయకుండా వెళ్లండి. సెలవుల కోసం అమ్మే, నీటిలో మెల్లగా కరిగే మేత దిమ్మలు వద్దు. వారం దాటుతుందనుకుంటే, ఒక్కో పూటకు సరిపడే మేతను కాగితంలో పొట్లాలు కట్టి, రోజు విడిచి రోజుకు ఒకటి చొప్పున తేదీలు రాసి పక్కింటివారికి ఇవ్వండి. మేత డబ్బాను మాత్రం మీ బీరువాలోనే ఉంచండి.